ఈ వెలుతురు యాడిదయ్యా?

మా కెమెరామాన్ సంజీవరావు గారికి ఒకటే జబ్బు. ఎక్కడ వెలుతురు కనబడినా అది ఎటునుంచి వస్తోందో తేలేదాకా ఆయనకు ముద్ద దిగదు. "ఈ వెలుతురు యాడిదయ్యా?" అని నిలదీస్తారు. నెల్లూరు మిషన్ స్కూల్లో చదివి, మద్రాసు స్టూడియోల్లో ఇరవయ్యేళ్లు వెలగబెట్టినా ఆ "యాడ" మాత్రం ఆయన నోట్లోంచి కదల్లేదు.

పెళ్లికి పిలిస్తే అక్షింతలు చేతిలో పెట్టుకుని పెళ్లికూతురి ముక్కుపుడక వైపు చూస్తూ నిలబడతారు. "పెట్రోమాక్సు లైటు ఎడంపక్క ఉండాది. పుడక కుడిపక్క మెరుస్తుండాది. ఈ వెలుతురు యాడిదయ్యా?" ఒకసారి ఈ మాట పెళ్లికొడుకు తల్లి చెవిన పడింది. పుడక గిల్టుదని పెద్దాయన సైగ చేస్తున్నారనుకుని ఆవిడ కంసాలిని పిలిపించింది. కంసాలి వచ్చి, గీటు పెట్టి, బంగారమే అని తేల్చేసరికి ముహూర్తం దాటిపోయింది.

చర్చిలో క్రిస్మస్ నాటకమప్పుడు అంతకన్నా ఘోరం జరిగింది. పశువుల పాక, పైన నక్షత్రం, తొట్టిలో బిడ్డ. జనమంతా భక్తితో చూస్తుంటే ఈయన లేచి నిలబడ్డారు.

"నక్షత్రం పాక వెనకాల ఉండాది. బిడ్డ మొహం ముందుపక్క వెలుగుతుండాది. ఈ వెలుతురు యాడిది పాస్టరు గారూ?"

"అది దేవుని మహిమ సంజీవరావు గారూ, కూర్చోండి."

"మహిమకు నీడ పడగూడదు గదా! అదిగో, గొర్రె నీడ గోడ మీద పడిందే!"

ఆ మరుసటి ఏడు నుంచి క్రిస్మస్ నాడు ఆయన్ని స్తంభం వెనకాల కూర్చోబెట్టేవారు.

ఇంట్లో ఆయన భార్య సామ్రాజ్యమ్మ గారు మాత్రం ఆయనకు తగ్గ మనిషి. ఒకనాడు నేను కూడా పంక్తిలో ఉన్నాను. ఈయన విస్తరి ముందు కూర్చుని, తల ఒక పక్కకు వాల్చి, "పప్పు మీద ఈ వెలుతురు యాడిది..." అని మొదలుపెట్టారు.

"అది నెయ్యి! తినండి!" అన్నదావిడ.

నేను కామాక్షయ్యను. ఎనిమిదేళ్లు ఆయన దగ్గర అసిస్టెంటుగా చేశాను. లెన్సుల పెట్టె మోయడం, కెమెరా నుంచి నటుడిదాకా టేపు పెట్టి కొలవడం, మనిషి కదిలినకొద్దీ ఫోకసు తిప్పడం నా పని. ఆ ఎనిమిదేళ్లలో నా ఫోకసు ఒక్కసారి కూడా చెదరలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుముందు నా పరువు తీయడానికి పనికొస్తుంది.

ఆయన చాదస్తం నాకు చిరాకే గాని, ఒక్క విషయంలో మాత్రం ఆయనతో నాకు పేచీ లేదు. ఆ రోజుల్లో మన సినిమాల్లో రాత్రిపూట తరుముడు సీను చూస్తే ఒళ్లు మండేది. కటిక అమావాస్య అని డైలాగు ఉంటుంది, తెర మీద చూస్తే చింతాకు లెక్కపెట్టొచ్చు. హీరోకు ఒకే శరీరం, నేల మీద ఐదు నీడలు. చెట్టు చాటున నక్కిన విలన్ పళ్లు దివిటీల్లా వెలుగుతుంటాయి. అంత వెలుతురులో హీరో పదడుగుల దూరంలో ఉన్నా, "ఏడిరా వాడు, చీకట్లో కనబడ్డంలేదు!" అని ఆ పళ్లవాడే అరుస్తాడు.

అట్లాంటి సీను వస్తే సంజీవరావు గారు టూరింగు టాకీసులో లేచి నిలబడి, "పిల్ల జళ్లో కనకాంబరాలు లెక్కబెట్టొచ్చు! ఈ వెలుతురు యాడిదయ్యా?" అని కేకేసేవారు. నేల క్లాసు నుంచి జవాబు వచ్చేది. "మా టిక్కెట్టు డబ్బులది! కూసోవయ్యా పెద్దమనిషీ!"

ఇంత చేసి, చీకటి గురించి ఇన్ని ధర్మపన్నాలు చెప్పే ఈ మహానుభావుడు బయట చీకట్లో ఏనాడూ కెమెరా తెరిచి ఎరగడు! రాత్రి సీన్లన్నీ పట్టపగలు ఎండలోనే తీసేవారు. లెన్సు ముందు ఎర్ర అద్దం పెడితే నీలాకాశం నల్లబడుతుంది. లెన్సు కన్ను బాగా మూసి తీస్తే ఎండ వెన్నెలైపోతుంది. అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే పనే ఇది. ఈయనకు ఇదొక్కటే పని. ఎవరైనా జనరేటరు తెప్పించి రాత్రే తీద్దామంటే, "రాత్రిని రాత్రి ఎవుడైనా తీస్తాడు, దానికి నేనెందుకు?" అనేవారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు!

లెన్సుల పెట్టెలో బైబిలు పక్కన ఒక పంచాంగం కూడా ఉండేది. కథలో ఏ తిథి, ఆ తిథికి చంద్రుడు ఎటుంటాడు, ఎన్నింటికి లేస్తాడు, అంతా అందులో చూసి వెలుతురు పెట్టేవారు. లేని కథకు, లేని చంద్రుడికి, ఉన్న పంచాంగం. పాతవి పారేసేవారా అంటే అదీ లేదు. ఎనిమిదేళ్ల పంచాంగాలు ఆ పెట్టె అడుగున దొంతరగా ఉండేవి, ఆ బరువు కూడా నేనే మోసేవాణ్ణి. ఇంకో పిచ్చి ఉంది. ప్యాకప్ అయ్యాక, పొద్దుగూకే వేళ, టార్చిలైటు పట్టుకుని ముందు నడుస్తారు. నడిచేవాడు టార్చి ముందుకు వేసుకోవాలా, వద్దా? ఈయన చెయ్యి వెనక్కి పెట్టి నా కాళ్ల దగ్గర వేస్తారు. "నీడ ఎట్ట పడతుండాదో చూస్తుండా" అంటారు. వెనక్కి తిరగకుండా నీడ ఎట్లా చూస్తారో ఆ ప్రభువుకే తెలియాలి. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట!

అరవైనాలుగులో వాకాడు దగ్గర సముద్రం ఒడ్డున జాలర్ల పాళెంలో తరుముడు సీను తీయడానికి దిగాం. ఆ పిక్చరుకు నిర్మాతా దర్శకుడూ ఒక్కరే, కథ కూడా తనదేనని ఆయన అడక్కుండానే చెప్పేవారు. నింద ఇంకొకరి మీద పడకూడదని కాబోలు. హీరో గారు నెల్లూరు హోటల్లో పడుకున్నారు. ఆయన బదులు పరిగెత్తడానికి మునెయ్య ఉన్నాడు.

ఆ పాళెం మునెయ్యదే. పన్నెండేళ్ల కిందట వల వదిలేసి మద్రాసు పోయి స్టంటు మనిషయ్యాడు. హీరో పరిగెత్తాల్సిన చోట మునెయ్య పరిగెత్తుతాడు, హీరో దూకాల్సిన చోట మునెయ్య దూకుతాడు. భోజనం చేసే సీను మాత్రం హీరోయే చేస్తాడు. ఆ ముందటి పిక్చర్లో లారీ మీద నుంచి దూకి మునెయ్య ఎడమ మోకాలు పాడుచేసుకున్నాడు. నయమైపోయిందని అందరితో చెప్పాడు.

మునెయ్య భార్య అంకాలమ్మ పాళెంలోనే ఉంటుంది. "తెర మీద మొగం ఎవురిదైనా గానీ, పరిగెత్తే కాళ్లు మా ఆయనియ్యే" అని పన్నెండేళ్లుగా ఊరంతా చాటింది. ఇప్పుడు ఆ కాళ్లను చూడ్డానికి పాళెం పాళెమంతా ఇసకలో కూర్చుంది. ఉదయం పూట ఎండలో మేం దుకాణం పెట్టి, "ఇది రాత్రి, దొంగలు తరుముతున్నారు" అనగానే ఆవిడ పకపకా నవ్వింది.

"పట్టపగలు రాత్రంట మే! ఈళ్లకి పొద్దు తిరిగినట్టుండాది!"

మా దర్శకనిర్మాత గారు మద్రాసు నుంచి ఒక పొడుగాటి లెన్సు అద్దెకు తెచ్చారు. మేం దాన్ని గొట్టం అనేవాళ్లం. అది ఎక్కడో దూరంలో ఉన్న మనిషిని దగ్గరికి లాగుతుంది. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడికి మల్లే ఆయన దాన్ని వదలడు. కెమెరాను సర్వి చెట్ల తోపు దగ్గర పెట్టించి, మునెయ్యను ఫర్లాంగు దూరం నుంచి పరిగెత్తుకు రమ్మన్నారు.

గొట్టంలో ఒక చిక్కుంది. ఎదురుగా వచ్చే మనిషి ఎంత పరిగెత్తినా ఉన్నచోటే ఉన్నట్టుంటాడు, తలకాయ మాత్రం పైకీ కిందకీ ఊగుతుంది. ఇరవై అడుగులు దాటేసరికి మునెయ్య ఎడమకాలు ఈడవడం మొదలుపెట్టింది. గొట్టంలో ఆ కుంటు తెరంత కనబడింది.

"ఏమయ్యా మునెయ్యా, నిన్ను దొంగలు తరుముతున్నారా, తేలు కుట్టిందా?" అన్నారు దర్శకుడు.

"ఇసక సార్. కాలు దిగబడతుండాది."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఈ ఇసకలో పుట్టినవాడివి, నీకిది కొత్తా? రేపు పొద్దున ఒక్క అవకాశం ఇస్తా. నీ కాళ్లే దగ్గరగా చూపిస్తా. కాలు ఈడ్చావో, మద్రాసుకు తంతి కొట్టి కొత్తవాణ్ణి పిలిపిస్తా. మా కంపెనీలో ఇంక నీకు పని ఉండదు."

ఒక్క కంపెనీ అయితే ఫరవాలేదు. పరిగెత్తేవాడు కుంటుతున్నాడన్న మాట మద్రాసులో ఒకసారి పుడితే ఇంకెవరూ పిలవరు. మునెయ్యకు వేరే విద్య రాదు. వలకు తిరిగి పోదామన్నా ఆ మోకాలితో తెప్ప ఎక్కలేడు. పైగా ఇదంతా జరగబోయేది పెళ్లాం ముందు, పాళెం ముందు. మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు పాపం.

సంజీవరావు గారు ఒక్క ముక్క మాట సాయం చేశారా? లేదు. సముద్రం వైపు చూస్తూ, "ఈ తెప్పలు పొద్దున్నే యాడ లాగిపెడతారు?" అని ఎవరినో అడుగుతున్నారు. సాయంత్రం చూస్తే మునెయ్యను ఇసక మీద నడిపిస్తూ, ఆపుతూ, వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకుంటున్నారు. నీడ ఎన్ని అడుగులుందో కొలుస్తున్నారనుకుని నాకు కోపం నషాళానికి అంటింది. ఒక మనిషి బతుకు పోతుంటే ఈయనకు నీడల లెక్కలా? ఆ కోపంలో కేబులు తట్టుకుని బోర్లా పడ్డాను కూడా. సాయంత్రప్పూట కేబుళ్లు నాకు మామూలుగానే అడ్డొస్తుంటాయి.

మర్నాడు ఏడింటికల్లా గొట్టం బిగించి ఉంది. మునెయ్య కాళ్ల మీద ఎండ కొట్టడానికి పడమటి వైపు వెండికాగితం అంటించిన పెద్ద పలకలు నిలబెట్టారు. సంజీవరావు గారు వచ్చి ఆ పలకల వంక చూశారు. నాకు అర్థమైపోయింది, ఇవాళ కూడా మొదలైంది.

"ఈ వెలుతురు యాడిదయ్యా?"

"ఏ వెలుతురు?" అన్నారు దర్శకుడు.

"కాళ్ల మీద పడే వెలుతురు. చంద్రుడు పైన గదా ఉండేది. కిందనించి వెలుతురు ఎట్టొస్తది? నేల్లో పాతిపెట్టుండారా ఆయన్ని? ఇంతకీ కతలో ఇది ఏ తిథి?"

"కార్తీక పున్నమి. హీరోయిన్ దీపాలు వదలగానే దొంగలు పడతారు."

పంచాంగం బయటికొచ్చింది. "పున్నమి, పొద్దుగూకినాక. అట్టయితే చంద్రుడు తూరుపున, సముద్రం మీద. వెలుతురంతా ఆ పక్కనించే. మీ పలకలు పడమట పెట్టినారు. పడమట చంద్రుడు ఎట్టొస్తాడు?"

దర్శకుడికి ఓపిక అయిపోయింది. "సంజీవరావు గారూ, చంద్రుడు ఎటున్నాడో చూడ్డానికి జనం సినిమాకొస్తారా?"

"ఎందుకు జూడరు సామీ?" అన్నది అంకాలమ్మ జనంలోంచి. "పున్నమి చంద్రుడు సముద్రంలోంచి గాక మీ మద్రాసులోంచి లేస్తాడా?"

పాళెమంతా గొల్లుమన్నది. నవ్వి నవ్వి ఒక ముసలాయన చుట్ట కింద పడేసుకున్నాడు. సంజీవరావు గారు ఇంకో పోటు పొడిచారు. "ఈ సముద్రం పొడుగునా ఎన్ని పాళేలుండాయో, అన్నిట్లోనూ ఇట్టే నవ్వతారు సార్."

దర్శకుడికి తన సీను చూసి జనం ఏడవకపోయినా ఫరవాలేదుగాని నవ్వితే మాత్రం ప్రాణం పోతుంది. "ఎట్లా తీస్తారో తీసి ఏడవండి!" అని గొట్టం విప్పించేశారు.

సంజీవరావు గారు కెమెరాను ఒడ్డుకు తెచ్చి, సముద్రానికి ఎదురుగా, ఇసకలో బాగా కిందికి పెట్టించారు. ఎదురుగా నీళ్ల మీద ఉదయపు ఎండ, ఎర్ర అద్దంలోంచి చూస్తే అచ్చం వెన్నెలే. కెమెరాకూ నీళ్లకూ మధ్య అప్పుడే ఒడ్డుకు లాగిన తెప్పలు, వాటి మీద కర్రలకు ఆరేసిన వలలు. ఆ వలల వెనక పరిగెత్తే మనిషికి నడుం కిందంతా నలుపే. "లెన్సు ఇరవయ్యెనిమిది పెట్టబ్బయ్యా" అన్నారు. మా పెట్టెలో అన్నిటికంటే పొట్టి లెన్సది. దాంట్లో దూరం ఇంకా దూరమవుతుంది, దగ్గర ఇంకా దగ్గరవుతుంది. చీమంత మనిషి నాలుగంగల్లో తాటిచెట్టంతై మీద పడతాడు.

"హీరో మొహం కనబడదే!" అన్నారు దర్శకుడు.

"దొంగలకు కనబడకుండా పరిగెత్తేవోడి మొహం మనకెందుకు కనబడాల?"

మునెయ్యకు ఒక తెడ్డు గుచ్చి చూపించారు. "ఈడ మొదులుబెట్టు. ఆ వలకర్ర కాడ ఆగు. పదిహేనడుగులు. పదహారో అడుగు ఏసినావంటే ఊరుకోను, నా వెలుతురు పాడైపోతది."

మునెయ్య పదిహేనడుగులు రివ్వున వచ్చి ఆగాడు. మళ్లీ ఇంకోచోట తెడ్డు గుచ్చారు. మళ్లీ పదిహేనే. అట్లా ఏడు ముక్కలు. ముక్కకూ ముక్కకూ మధ్య అరగంట విరామం. "మబ్బు పోనీండి" అనేవారు. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు.

"ఏ మబ్బండీ?" అని దర్శకుడు జుట్టు పీక్కున్నారు.

"వస్తుండాది."

మునెయ్య తెప్ప మీద కాలు చాపుకుని కూర్చునేవాడు. అంకాలమ్మకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. "మా ఆయన్ని పరిగెత్తనియ్యడేంది ఈయన! గుర్రాన్ని గుంజకు కట్టేసినట్టు! పదిహేనడుగులు మా మేక గూడా పరిగెత్తుద్ది!"

దర్శకుడు ఆఖరి సలహా పారేశారు. "పోనీ, కెమెరా కొంచెం నిదానంగా తిప్పండి. తెర మీద పరుగు ఇంకా జోరుగా ఉంటుంది."

"ఉంటది సార్. వెనక అలలు గూడా పరిగెత్తతాయి. హీరోని దొంగలు తరుముతుండారు, సరే. సముద్రాన్ని ఎవురు తరుముతుండారు?"

దర్శకుడు గొడుగు కిందికి పోయి పడుకున్నారు.

ఫిలిం మద్రాసు పోయింది, వెనకే దర్శకుడూ పోయారు. కడిగిన బొమ్మ చూసి నాలుగో రోజు తిరిగొచ్చి, కారు దిగుతూనే మునెయ్యను కావలించుకున్నారు. "నువ్వు మనిషివా, గుర్రానివా! నల్లగా, పిడుగులా వచ్చి మీద పడుతున్నావయ్యా! వచ్చే రెండు పిక్చర్లకూ నువ్వే!" సముద్రానికి ఎదురుగా తీయాలన్న ఆలోచన తనదేనని మధ్యాహ్నానికల్లా యూనిట్టులో అందరికీ చెప్పారు. అంకాలమ్మ పీతల పులుసు చేసి దర్శకుడికి తెచ్చి పెట్టింది. సంజీవరావు గారిని చూసి మూతి తిప్పుకుని, "ఈయనేలే, పదిహేనడుగులాయన" అని పక్కావిడతో అన్నది. ఆయన చప్పిడి పప్పు తింటూ విస్తరి వైపు తల వాల్చి చూస్తున్నారు.

ఆ సాయంత్రం లెన్సులు సర్దుతుంటే పంచాంగాల దొంతర జారి పడింది. ఇంకా కాస్త వెలుతురుంది. కార్తీక పున్నమి పేజీలో పెన్సిలుతో ఏదో రాసి ఉంటే కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాను.

"ముని. ఎడమ మోకాలు. 15 అడుగులే ఆగుతుంది, 20కి ఈడుస్తాడు. 28 లెన్సు. తెప్పలు అడ్డం. అరగంట కూర్చోబెట్టాలి. వాడికి చెప్పొద్దు."

పాతవి తిరగేశాను. ఒక పెద్ద హీరోయిన్ కుడికంటి కింద ముడతకు వెలుతురు ఎటు పెట్టకూడదో ఉంది. ఒక ముసలి విలన్ చెయ్యి వణుకుతుంటే ఆ చేతిని ఏ నీడలో పెట్టాలో ఉంది. అన్నిటికీ అడుగున నేను పనిలో చేరిన యాభైఆరు నాటి పంచాంగం ఉంది.

ఇప్పుడు మీకు చెప్పకుండా దాచిన మాట చెప్పాలి. నాకు రేచీకటి. పొద్దుగూకితే టేపు మీద అంకె కనబడదు, కాలి కింద కేబులు కనబడదు. కెమెరా పనివాడికి రేచీకటి అంటే ఎవరు పనిస్తారు? అందుకని ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదేళ్లు అందరి కళ్లూ కప్పానని మురిసిపోయాను.

ఆ పేజీలో ఇట్లా ఉంది: "కొత్తగా చేరిన కామాక్షికి పొద్దుగూకితే కళ్లు ఆనవు. వాడు చెప్పడు, మనం అడగొద్దు. రాత్రి సీన్లు పగలే తీయాలి. పొట్టి లెన్సు పెట్టి కన్ను మూస్తే ఫోకసు తప్పినా తెలియదు."

ఒక్కసారి కూడా చెదరని నా ఫోకసు సంగతి అదీ. సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపు కూడా వచ్చింది, కాని ఎనిమిదేళ్లపాటు నేను ఆ మనిషిని తిట్టుకున్న తిట్లు గుర్తొచ్చి నవ్వే ముందు తోసుకొచ్చింది.

పంచాంగాలు ఎట్లా ఉన్నవట్లా సర్ది పెట్టె ఎత్తుకున్నాను. చీకటి పడింది. సంజీవరావు గారు అలవాటు ప్రకారం ముందు నడుస్తూ, చెయ్యి వెనక్కి పెట్టి, టార్చి నా కాళ్ల దగ్గర వేశారు. ఇసకలో గుంటలూ, తాళ్లూ, కేబుళ్లూ అన్నీ శుభ్రంగా కనబడుతున్నాయి.

"అన్నా," అన్నాను, "ఈ వెలుతురు యాడిది?"

ఆయన వెనక్కి తిరగలేదు.

"బ్యాటరీది. కింద చూసుకోని నడువబ్బయ్యా!"